సహజ బాక్టీరియా జనాభాలలో జన్యు వైవిధ్యం, పరిణామం

బాక్టీరియా కణం పెరిగి, నడిమికి నొక్కుకుపోయి, రెండుగా చీలుతుంది. ఆ రెండింటిలోనూ ఒకే డీఎన్‌ఏ ఉంటుంది. తల్లిదండ్రుల జన్యువులు కలిసే ఘట్టం ఇక్కడ లేదు. అందుకే ఒక జాతి బాక్టీరియా అంటే అచ్చుగుద్దినట్టుండే కణాల గుంపేనని చాలాకాలం అనుకున్నారు. ప్రయోగశాలల అలవాటు కూడా ఈ నమ్మకాన్ని పెంచింది. 1922లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డిఫ్తీరియా నుంచి కోలుకుంటున్న ఒక రోగి మలం నుంచి ఎశ్చరీషియా కోలై (ఇ. కోలై) స్ట్రెయిన్ ఒకటి తీశారు. కె-12 అని పేరుపెట్టిన ఆ ఒక్క స్ట్రెయిన్ మీద జరిగిన పనితోనే సగం అణుజీవశాస్త్రం నిలబడింది. ఇ. కోలై గురించి పుస్తకాలు చెప్పిన మాటల్లో చాలావరకు నిజానికి కె-12 గురించిన మాటలే.

సహజ జనాభా అంటే పేగుల్లో, మట్టిలో, సముద్రపు నీటిలో, ఆసుపత్రి వార్డుల్లో ఎవరూ పెంచకుండా తమంతట తాము బతికే బాక్టీరియా. వాటి జన్యువులు ఒకదానికొకటి ఎంత వేరు, ఆ తేడా ఎలా వస్తోంది, ఎలా నిలుస్తోంది అన్నవి ఈ రంగం అడిగే ప్రశ్నలు. గత యాభై ఏళ్ల పరిశోధన చూపింది ఏమిటంటే, బాక్టీరియాలన్నిటికీ సరిపోయే ఒకే జనాభా స్వరూపం లేదు. క్షయ క్రిమి దాదాపు పూర్తిగా వంశక్రమంలోనే నడుస్తుంది. జీర్ణాశయంలోని హెలికోబాక్టర్ ఎడాపెడా జన్యువులు మార్చుకుంటుంది. మిగతావాటిలో చాలా వరకు ఈ రెంటి నడుమ ఎక్కడో ఒకచోట ఉంటాయి.

ఎంజైములతో తొలి లెక్కలు

1960ల నడుమ ఈగలలోనూ మనుషులలోనూ జన్యు వైవిధ్యాన్ని కొలవడానికి ఎలక్ట్రోఫోరెసిస్ అందివచ్చింది. ఒకే ఎంజైము రెండు ప్రాణులలో కొద్దిపాటి తేడాతో ఉంటే, విద్యుత్ ప్రసరించే జెల్‌లో ఆ రెండూ వేర్వేరు వేగంతో కదులుతాయి. 1968లో జపాన్ శాస్త్రజ్ఞుడు మోటూ కిమురా తటస్థ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. అణుస్థాయిలో కనబడే మార్పుల్లో ఎక్కువభాగం మేలూ కీడూ చేయనివని, అవి కేవలం యాదృచ్ఛికంగా పెరుగుతూ తరుగుతూ ఉంటాయని దాని సారాంశం. ఆ లెక్కన జనాభా ఎంత పెద్దదైతే వైవిధ్యం అంత పెరగాలి. భూమ్మీద ఇ. కోలై కంటే పెద్ద జనాభా వెతకడం కష్టం. కాబట్టి సిద్ధాంతం నిజమైతే దానిలో ఏ రెండు కణాల ఎంజైములూ కలవకూడదు.

అమెరికన్ జన్యుశాస్త్రజ్ఞుడు రోజర్ మిల్క్‌మన్ ఈ పరీక్షే పెట్టాడు. 1973లో ఆయన ప్రచురించిన ఫలితంలో ఐదు ఎంజైములను చూస్తే ఒక్కోదానికి కొద్ది రూపాలే ఉన్నాయి, అందులోనూ ఏదో ఒకటి మిగతావాటిని మించి కనబడింది. ప్రకృతి వరణమే వైవిధ్యాన్ని అదుపులో పెడుతోందని, తటస్థ సిద్ధాంతం ఓడిందని ఆయన తేల్చాడు. ఏడేళ్ల తర్వాత రాబర్ట్ సెలాండర్, బ్రూస్ లెవిన్ 109 క్లోన్లను తీసుకుని 20 ఎంజైములతో మళ్లీ లెక్కించారు. యాదృచ్ఛికంగా ఎంచిన రెండు కణాలలో ఒక ఎంజైము రూపం వేరుగా ఉండే అవకాశం సగటున 47 శాతం అని తేలింది. మనుషులలో అదే తరహా కొలత పది శాతం లోపే ఉంటుంది. అంటే వైవిధ్యం పుష్కలంగానే ఉంది, కాకపోతే సిద్ధాంతం అడిగినంత లేదు.

అసలు విషయం వాళ్లకు మరోచోట దొరికింది. ఇరవై ఎంజైముల రూపాలు ఇష్టం వచ్చినట్టు కలిసి ఉంటే లెక్కలేనన్ని కూర్పులు కనబడాలి. అలా కాకుండా కొన్ని కూర్పులే, ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని ఆతిథేయుల పేగుల్లో, మళ్లీ మళ్లీ కనబడ్డాయి. జన్యువులు విడివిడిగా కాక కట్టగా ప్రయాణిస్తున్నాయన్నమాట. దీన్నే క్లోనల్ స్వరూపం అన్నారు. మిల్క్‌మన్ చూసిన కొరతకు కూడా ఇందులోనే సమాధానం ఉంది. 1951లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో అట్‌వుడ్, ష్నైడర్, రయన్ అనే ముగ్గురు ప్రయోగశాల జనాభాలో ఆవర్తన వరణాన్ని గమనించారు. ఒక కణంలో మేలైన మార్పు వస్తే ఆ కణం సంతతి మిగతావాటిని తుడిచిపెడుతుంది. జన్యువుల కలబోత లేనందున ఆ ఒక్క మార్పుతో పాటు ఆ కణంలోని జన్యువులన్నీ గంపగుత్తగా గెలుస్తాయి, ఓడినవాళ్ల వైవిధ్యమంతా పోతుంది. అందుచేత తలలు లెక్కపెడితే అపారంగా ఉన్న జనాభా, పరిణామం దృష్టిలో చాలా చిన్నదిగా ప్రవర్తిస్తుంది. కిమురా సిద్ధాంతాన్ని ఇ. కోలైతో పడగొట్టాలన్న ప్రయత్నం అంతటితో పదును కోల్పోయిందనే చెప్పాలి.

1984లో హోవర్డ్ ఓక్‌మన్, సెలాండర్ కలిసి మనుషుల నుంచీ రకరకాల క్షీరదాల నుంచీ సేకరించిన 72 స్ట్రెయిన్లతో ఒక ప్రమాణ సంకలనం తయారుచేశారు. ఇ. కోలైని ఎ, బి1, బి2, డి అనే వంశాలుగా విభజించే పద్ధతి దాని మీద పనితోనే స్థిరపడింది. కె-12 ఎ వంశానికి చెందింది. మూత్రకోశ వ్యాధులు తెచ్చేవాటిలో బి2 వంశం ఎక్కువ.

మార్పు ఎలా పుడుతుంది

మూలం ఉత్పరివర్తనమే. ఇ. కోలై జీనోమ్‌లో దాదాపు 46 లక్షల అక్షరాలుంటే, సుమారు వెయ్యి విభజనలకు ఒకసారి ఒక అక్షరం తప్పుగా నకలవుతుంది. వినడానికి ఇది చాలా తక్కువ. అయితే ఒక మనిషి పేగుల్లోనే వందల కోట్ల ఇ. కోలై కణాలుండవచ్చు కాబట్టి, ఏ అక్షరాన్ని చూసినా అది ఈపాటికి ఏదో ఒక కణంలో మారే ఉంటుంది. మందు వేయకముందే దానికి లొంగని కణం అక్కడ ఉండడం అందుకే. ఉత్పరివర్తనాలు అవసరాన్ని బట్టి పుట్టవని, ముందే ఉన్నవాటిని వరణం ఎంచుకుంటుందని 1943లో లూరియా, డెల్‌బ్రూక్ చూపారు.

తప్పుల రేటు కూడా అన్ని కణాలకూ ఒకటి కాదు. డీఎన్‌ఏ తప్పులు దిద్దే జన్యువు చెడిపోతే ఆ కణంలో ఉత్పరివర్తనాలు వంద రెట్ల దాకా పెరుగుతాయి. వ్యాధికారక ఇ. కోలై, సాల్మొనెల్లాలలో ఇలాంటివి ఒక శాతానికి పైగా ఉన్నాయని 1996లో తేలినప్పుడు అది చాలామంది ఊహకు అందని సంఖ్య. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల ఊపిరితిత్తుల్లో ఏళ్లతరబడి తిష్ఠవేసే సూడోమోనాస్‌లోనైతే ఇవి ఇంకా ఎక్కువ.

రెండో దారి, పక్కవాడి నుంచి తీసుకోవడం. చచ్చిన కణాల డీఎన్‌ఏను పీల్చుకోవడం (గ్రిఫిత్, 1928), రెండు కణాలు తగులుకుని ప్లాస్మిడ్‌ను (చిన్న డీఎన్‌ఏ వలయాన్ని) అందించడం (లెడర్‌బెర్గ్, టాటమ్, 1946), వైరస్ ఒక కణం ముక్కను ఇంకో కణానికి మోయడం (జిండర్, లెడర్‌బెర్గ్, 1952) అనే మూడు మార్గాలూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. దీనికీ పిల్లల్ని కనడానికీ సంబంధం లేదు, తీసుకునేది మొత్తం జీనోమ్ కాదు, సాధారణంగా చిన్న ముక్కే. ఇచ్చే కణమూ పుచ్చుకునే కణమూ ఎంత దూరపు చుట్టాలైతే ఆ ముక్క అతికే అవకాశం అంతగా పడిపోతుంది. వచ్చిన డీఎన్‌ఏను పరాయిదిగా గుర్తించి తుంచేసే ఎంజైములు కూడా ఆ దూరాన్ని కాపాడతాయి.

ఎంత క్లోనల్?

ఈ ప్రశ్ననే శీర్షికగా పెట్టి 1993లో జాన్ మేనార్డ్ స్మిత్, బ్రయన్ స్ప్రాట్, వారి సహచరులు ఒక పత్రం రాశారు. మేనార్డ్ స్మిత్ మొదట విమానాలు రూపొందించే ఇంజినీరు, తర్వాత పరిణామ సిద్ధాంతంలో ఉద్దండుడయ్యాడు. జన్యురూపాలు కట్టగా ఉన్నాయా, విడివిడిగా కలుస్తున్నాయా అన్నది తేల్చే ఒక గణాంకాన్ని వాళ్లు రకరకాల బాక్టీరియాల మీద ప్రయోగించారు. సాల్మొనెల్లా గట్టి క్లోనల్‌గా తేలింది. గనోరియా (సెగవ్యాధి) క్రిమిలో జన్యువులు పేకముక్కల్లా కలిసిపోయి ఉన్నాయి. మెదడుపొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ వీళ్లకు మంచి పాఠం నేర్పింది. పైకి అది క్లోనల్‌గానే కనబడింది, ఎందుకంటే ఏదో ఒక జన్యురూపం హఠాత్తుగా వ్యాపించి సేకరణనంతా ఆక్రమించింది. ఆ నకళ్లను ఒక్కటిగా లెక్కవేసి చూస్తే అడుగున ఉన్నది స్వేచ్ఛగా కలిసే జనాభాయే. నమూనాలు ఎక్కడి నుంచి తెచ్చారన్న దాన్ని బట్టి జవాబు మారుతుందని ఈ రంగం అప్పుడు గట్టిగా గ్రహించింది.

ఎంజైముల కదలిక బదులు నేరుగా డీఎన్‌ఏ చదవడం చౌకయ్యాక, 1998లో మార్టిన్ మెయిడెన్ బృందం ఒక్కో స్ట్రెయిన్‌కు కొన్ని సాధారణ జన్యువుల్లో సుమారు 450 అక్షరాల చొప్పున చదివి ఒక సంఖ్య ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆసుపత్రి నివేదికల్లో ఎస్‌టీ131 లాంటి పేర్లు ఆ పద్ధతి నుంచి వచ్చినవే.

రెండు కొసలనూ మన దేశం నుంచే చూడవచ్చు. జీర్ణాశయపు పుండ్లకు కారణమైన హెలికోబాక్టర్ పైలోరి ఎక్కువగా బాల్యంలో, ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది. ఒకే కడుపులో ఉన్న స్ట్రెయిన్లు జన్యువుల్ని ఎంత విచ్చలవిడిగా మార్చుకుంటాయంటే, బంధుత్వం లేని ఇద్దరు మనుషులలో ఒకే స్ట్రెయిన్ దొరకడం చాలా అరుదు. అయినా ఆ కలబోత ఒక ప్రాంతపు జనం లోపలే జరుగుతుంది కాబట్టి ప్రాంతపు ముద్ర చెదరదు. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం ఈ బాక్టీరియా వైవిధ్యం తూర్పు ఆఫ్రికా నుంచి దూరం పోయేకొద్దీ తగ్గుతుంది, అచ్చంగా మానవ జన్యు వైవిధ్యం తగ్గినట్టే. సుమారు 58,000 ఏళ్ల కిందట మనుషులతో పాటే అది ఆఫ్రికా దాటి ఉంటుందని అంచనా. అదే ఏడాది హైదరాబాదులోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం పరిశోధకులు భారతీయ స్ట్రెయిన్లను పరిశీలించి, అవి ఐరోపా సమూహానికి దగ్గరివని ప్రకటించారు. ఇండో-యూరోపియన్ భాషలు మాట్లాడేవారి రాకతో దాన్ని ముడిపెట్టారు. భాషల చరిత్రను కడుపులోని క్రిమితో రుజువు చేయడంలో తొందరపాటు ఉంది. ఆ సమూహం ఇక్కడ ఉందన్న గమనిక మాత్రం విలువైనదే.

రెండో కొస క్షయ క్రిమి. దాని జీనోమ్ 44 లక్షల అక్షరాల పొడవు. ఏ రెండు స్ట్రెయిన్లను పోల్చినా తేడా మహా అయితే రెండు వేల అక్షరాలకు అటూ ఇటుగా ఉంటుంది. పరాయి జన్యువుల రాక దాదాపు లేదు. అందువల్ల దాని వంశవృక్షం స్పష్టంగా గీయవచ్చు. హిందూ మహాసముద్రపు అంచుల్లో కనబడే ఒకటో వంశం దక్షిణ భారతంలో ఎక్కువ, ఉత్తరాదిన మూడో వంశం బలంగా ఉంది. ఇంత తక్కువ వైవిధ్యంతోనూ ఆ క్రిమి మందులన్నిటికీ ఒక్కొక్కటిగా నిరోధం తెచ్చుకుంది, అదంతా ఉత్పరివర్తనంతోనే. వైవిధ్యం తక్కువైతే పరిణామం ఆగుతుందనుకోవడం తప్పు.

జన్యువుల ఉమ్మడి నిల్వ

1997లో కె-12 జీనోమ్ చదవడం పూర్తయింది. దానిలో దాదాపు 4,300 జన్యువులున్నాయి. నాలుగేళ్లకు, కలుషిత మాంసంతో రక్త విరేచనాలు తెచ్చే ఓ157 స్ట్రెయిన్‌ను చదివితే, కె-12లో లేని జన్యువులు 1,387 బయటపడ్డాయి. 2002లో మూత్రకోశ వ్యాధి స్ట్రెయిన్‌ను కూడా కలిపి మూడింటినీ పోల్చినప్పుడు, మొత్తం ప్రోటీన్లలో మూడింటికీ ఉమ్మడిగా ఉన్నవి 39 శాతమే. వీటన్నిటికీ పేరు ఒక్కటే, ఇ. కోలై. 2009లో ఇరవై జీనోములను పక్కపక్కన పెట్టి చూశారు. అన్నింటిలో ఉన్నవి సుమారు 2,000 జన్యువులు, ఎక్కడో ఒకచోట ఉన్నవన్నీ కలిపితే సుమారు 18,000. ఇలా జాతి మొత్తానికి ఉన్న జన్యువుల నిల్వకు పాన్‌జీనోమ్ అనే పేరు 2005లో స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే మీద పనిచేసిన టెట్టెలిన్ బృందం వ్యాప్తిలోకి తెచ్చింది. ఇంటిపేరు తండ్రి నుంచే వస్తుంది, పొలం మాత్రం ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. బాక్టీరియాలో అన్ని స్ట్రెయిన్లకూ ఉండే కేంద్ర జన్యువులకూ, కొన్నింటికే ఉండే అదనపు జన్యువులకూ ఉన్న తేడా అలాంటిది.

అదనపు జన్యువులు ఎంత త్వరగా చేతులు మారతాయో న్యూజీలాండ్‌లోని ఒక పచ్చికమైదానంలో తెలిసింది. లోటస్ అనే పశుగ్రాసపు మొక్కకు వేరుబుడిపెలు కట్టి నత్రజనిని అందించే రైజోబియం అక్కడి నేలలో లేదు. విత్తనాలకు ఒకే ఒక స్ట్రెయిన్‌ను పట్టించి చల్లారు. ఏడేళ్ల తర్వాత బుడిపెలు కోసి చూస్తే అందులో ఉన్నవి ఎక్కువగా వేరే స్ట్రెయిన్లు. జాన్ సలివన్, క్లైవ్ రాన్సన్ బృందం 1995లో వివరించినట్టు, ఆ నేలలో ముందే ఉన్న స్థానిక బాక్టీరియా కొత్తగా వచ్చిన స్ట్రెయిన్ నుంచి సహజీవన జన్యువుల ముక్కను మొత్తంగా తీసుకున్నాయి. ఆ ముక్క పొడవు దాదాపు ఐదు లక్షల అక్షరాలు. నేలకు అలవాటుపడిన ఒళ్లు స్థానికులది, మొక్కతో కలిసి బతికే నేర్పు వలసవచ్చినవాడిది. సహజ నేలలో, ఎవరూ ప్రయత్నించకుండా, కళ్లముందు జరిగిన ఇంత పెద్ద జన్యు బదిలీకి ఇంతకంటే శుభ్రమైన రుజువు అరుదు.

కలరా కథ

బంగాళాఖాతపు తీరాల ఉప్పునీటిలో, రొయ్యలు, పీతలు, సూక్ష్మ జలచరాల పెంకులను పట్టుకుని విబ్రియో కలరా సహజంగా బతుకుతుంది. వీటిలో చాలా స్ట్రెయిన్లు మనిషికి హాని చేయవు. కలరా విషం ఉందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించాడు. ఆ విషపు జన్యువు బాక్టీరియాది కానే కాదని, ఒక వైరస్ మోసుకొచ్చిందని 1996లో వాల్డర్, మెకలానోస్ కనిపెట్టారు. వైరస్ పట్టని స్ట్రెయిన్ నీటి జీవి, పట్టిన స్ట్రెయిన్ మహమ్మారి.

1992 చివర్లో మద్రాసులో, ఆ వెంటనే కలకత్తా, బంగ్లాదేశ్‌లలో కొత్త కలరా పుట్టింది. అప్పటిదాకా మహమ్మారులన్నీ ఓ1 అనే పైపొర ఉన్న స్ట్రెయిన్లవే. పాత కలరాతో రోగనిరోధక శక్తి వచ్చిన పెద్దవాళ్లు కూడా ఈసారి పడిపోయారు. ఓ139 అని పేరుపెట్టిన ఈ స్ట్రెయిన్ జీనోమ్ దాదాపు మొత్తం పాత ఎల్ టోర్ (ఓ1లో ఒక రకం) కలరాదే, పైపొర తయారుచేసే జన్యువుల గుంపు మాత్రం మారింది. పెంకుల్లోని కైటిన్ తగిలితే విబ్రియో చుట్టుపక్కల డీఎన్‌ఏను పీల్చుకోవడం మొదలుపెడుతుందని 2005లో తెలిసింది. మరో రెండేళ్లకు ప్రయోగశాలలో పీత పెంకు మీద పెంచిన ఓ1 స్ట్రెయిన్ ఓ139 పైపొరను అందుకోగలిగింది. ఎనిమిదో మహమ్మారి వచ్చిందని భయపడినా ఓ139 ఆసియా దాటి నిలదొక్కుకోలేదు, పాత ఓ1 మళ్లీ పైచేయి సాధించింది. 1961లో ఇండోనేషియాలో మొదలైన ఏడో మహమ్మారి ఆ తర్వాతి దశాబ్దాల్లో బంగాళాఖాతం నుంచి కనీసం మూడు అలలుగా ప్రపంచానికి వ్యాపించిందని 2011 నాటి జీనోమ్ అధ్యయనం తేల్చింది.

మందుల ఒత్తిడి

పెన్సిలిన్ వచ్చాక మనిషే పెద్ద వరణశక్తి అయ్యాడు. 1984లో స్పెయిన్‌లో గుర్తించిన, న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ వంశం ఒకదానికి చెందిన 240 స్ట్రెయిన్లను 2011లో చదివారు. సుమారు 1970లో పుట్టిన ఆ వంశంలో, నలభై ఏళ్లలోనే 700కు పైగా పరాయి ముక్కలు వచ్చి అతుక్కున్నాయి. టీకా గుర్తుపట్టే పైపొరను వదిలేసి వేరే పైపొర తొడుక్కున్న శాఖలు కూడా అందులో ఉన్నాయి. ఇ. కోలైలో సీటీఎక్స్-ఎమ్ అనే నిరోధక జన్యువులు నిజానికి క్లూవెరా అనే నిరపాయకర బాక్టీరియావి, ప్లాస్మిడ్ ఎక్కి ప్రపంచం తిరిగాయి.

హైదరాబాదు శివారులోని పటాన్‌చెరు ఈ రంగపు సాహిత్యంలో తరచూ కనబడే పేరు. అక్కడి ఔషధ కర్మాగారాల మురుగును శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. నాలుగేళ్ల తర్వాత అక్కడి వాగుల అడుగు మట్టి నుంచి నేరుగా డీఎన్‌ఏ తీసి చదివితే, నిరోధక జన్యువులతో పాటు వాటిని కణం నుంచి కణానికి మోసే జన్యు వాహకాలు కూడా విపరీతంగా కనబడ్డాయి. రోగి లేని చోట, వ్యాధి లేని చోట జరుగుతున్న పరిణామం ఇది.

జాతి అంటే ఏమిటన్న చిక్కు

రెండు జీనోముల ఉమ్మడి భాగం సగటున 95 శాతం కలిస్తే ఒకే జాతి అని వాడుకలో ఉన్న హద్దు. పని జరుగుతుంది కాబట్టి వాడుతున్నారు. ఫ్రెడరిక్ కోహన్ వంటివారు ఒకే జీవనస్థానంలో ఒకే వరణానికి లోనయ్యే సమూహమే అసలు ప్రమాణమని వాదిస్తారు. సముద్రం ఈ వాదనను తేల్చకపోగా మరింత చిక్కుముడి వేసింది. అమెరికా ఈశాన్య తీరంలో మార్టిన్ పోల్జ్ బృందం 2005లో లెక్కించినప్పుడు, విబ్రియో స్ప్లెండిడస్ అనే ఒక్క సమూహంలోనే కనీసం వెయ్యి జన్యురూపాలు తేలాయి, ఒక్కో రూపం మిల్లీలీటరుకు సగటున ఒక కణం కూడా లేదు. కాంతితో ఆహారం చేసుకునే ప్రోక్లోరోకాకస్‌ను ఒక్కో కణం చొప్పున చదివిన 2014 అధ్యయనం, అట్లాంటిక్ నీటిలో వందల ఉపజనాభాలు లక్షల ఏళ్లుగా పక్కపక్కనే బతుకుతున్నాయని సూచించింది. ఒకటి గెలిచి మిగతావాటిని తుడిచిపెట్టే ఆవర్తన వరణం ఇక్కడ ఎందుకు పనిచేయడం లేదన్నది ఇంకా తెగని వాదమే. వైరస్‌ల వేట ఒక కారణం కావచ్చు, ఎందుకంటే ఏ రూపం పెరిగితే దాన్ని తినే వైరస్ కూడా పెరుగుతుంది.

జీనోమ్ నిల్వల్లో ఇప్పుడు ఇ. కోలై ఒక్కదానివే లక్షల్లో ఉన్నాయి. వాటిలో అత్యధికం ధనిక దేశాల ఆసుపత్రుల నుంచీ ఆహార తనిఖీ శాలల నుంచీ వచ్చినవి. వరి మడులు, చేపల చెరువులు, పశువుల కొట్టాలు, ఆరోగ్యవంతుల పేగులు అందులో నామమాత్రం. మెనింగోకాకస్ విషయంలో 1993లో తగిలిన హెచ్చరిక ప్రకారం చూస్తే, సహజ జనాభా పేరుతో మన చేతిలో ఉన్న చిత్రం నేటికీ ప్రధానంగా రోగుల చిత్రమే.